పలకని పెట్టె



మీరు అగ్గిపెట్టెలకు దారం కట్టి ఫోను ఆట ఆడే ఉంటారు. పదిమంది పిల్లలున్నారనుకోండి. వారిలో ప్రతి ఒక్కరికీ మిగతా తొమ్మిదిమందితోనూ విడివిడిగా దారం ఉండాలంటే మొత్తం ఎన్ని దారాలు కావాలి? లెక్క వేసి చూడండి. 45 కావాలి! ఆట మాట అలా ఉంచి, ఆ దారాల చిక్కు విప్పడానికే సాయంత్రమవుతుంది.

మోటారు బళ్ళకు కూడా ఒకప్పుడు ఈ చిక్కే వచ్చింది. ఈ కాలపు బండిలో ఇంజనుకు ఒక పెట్టె, బ్రేకులకు ఒకటి, డ్రైవరు ముందున్న మీటర్ల పలకకు ఒకటి, తాళానికి ఒకటి, ఇలా ఎన్నో ఉంటాయి. ప్రతి పెట్టే ఒక చిన్న కంప్యూటరు. వీటికి ఒకదానితో ఒకటి మాట్లాడక తప్పదు. మరి ఎన్ని తీగలని లాగుతారు?

జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీర్లు 1983లో ఈ సంగతి ఆలోచించడం మొదలుపెట్టి, 1986లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో తమ ఉపాయం బయటపెట్టారు. దాని పేరు కాన్ బస్. అన్ని పెట్టెలకూ కలిపి రెండే తీగలు! బస్ అన్న మాట ‘అందరి కోసం’ అనే అర్థం గల లాటిన్ మాట నుంచి వచ్చింది. ఊళ్ళోకి వచ్చే ఎర్ర బస్సు అందరినీ ఎక్కించుకున్నట్టే, ఈ తీగల జంట అందరి కబుర్లనూ మోస్తుంది. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే? చిన్న అంకె గల కబురు ముందు పోతుంది. పెద్ద అంకె గలది ఊరుకుని, తరవాత వెళుతుంది.

ఈ రెండు తీగలనూ తాడులాగా పురి పెడతారు. ఎందుకో తెలుసా? కబురు పంపేటప్పుడు ఒక తీగలో 3.5 వోల్టులు, రెండవ దానిలో 1.5 వోల్టులు ఉంటాయి. తేడా 2. పక్కనుంచి ఏదో విద్యుత్తు అలజడి వచ్చి రెండింటికీ ఒక్కొక్క వోల్టు కలిపిందనుకోండి. 4.5, 2.5 అవుతాయి. తేడా మళ్ళీ 2! పెట్టెలు చూసేది ఆ తేడానే కనక కబురు చెడదు.

ఇంకొక చిక్కు. బావిలోకి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది కదా? తీగ చివరికి పోయిన కబురు కూడా అలాగే వెనక్కు తిరిగి వస్తుంది. అలా రాకుండా రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు పెడతారు. మిస్త్రీకి దారి చూపించేవి ఇవే.

ఇక నల్లగొండ జిల్లా మర్రిగూడకు వద్దాం. అక్కడ ఒక రైతు బత్తాయిలు ఎక్కించి, తెల్లవారుజామున బండి తాళం తిప్పాడనుకోండి. దీపాలు వెలిగాయి గాని ఇంజను అంటుకోలేదు. కాయలు వాడిపోతాయేమోనని ఆయనకు ఆదుర్దా.

“ఇంజను పెట్టె పోయింది, కొత్తది వెయ్యాలంటున్నారు మిస్త్రీ! బత్తాయిల పైకమంతా దానికే చాలదు,” అన్నాడు.

“ఆగు కాకా! పలకనివాళ్ళంతా పోయినవాళ్ళేనా?” అన్నాడు మిస్త్రీ.

అతను స్టీరింగు కింద ఉన్న 16 కాళ్ళ సాకెట్టుకు స్కానరు తగిలించాడు. బ్రేకుల పెట్టె పలికింది. మీటర్ల పలక పలికింది. ఇంజను పెట్టె పలకలేదు. మిగతావి ‘యు 0100’ అనే ఫిర్యాదు రాసిపెట్టుకున్నాయి. ‘ఇంజను పెట్టెతో మాటలు తెగిపోయాయి’ అని దాని అర్థం. తాళం పెట్టె అనుమతి ఈ తీగల మీదనే రావాలి. అది అందకపోతే, దొంగల భయంకొద్దీ ఇంజను కదలదు.

మిస్త్రీ ముందు ఫ్యూజు చూశాడు. పెట్టెకు కరెంటు, ఎర్తు సరిగా అందుతున్నాయి. తరవాత బ్యాటరీ విప్పి, సాకెట్టులో 6వ కాలికీ 14వ కాలికీ మీటరు పెట్టాడు. రెండు 120లు పక్కపక్కన ఉంటే విద్యుత్తుకు రెండు దారులు దొరుకుతాయి కనక మీటరు 60 చూపాలి. రెండు తీగలూ ఒకదానికొకటి అంటుకుంటే సున్నాకు దగ్గరగా చూపుతుంది. ఇక్కడ 120 చూపింది. అంటే ఒక చివర అందడం లేదన్నమాట!

ఈ బండిలో ఒక రెసిస్టరు ఇంజను పెట్టెలోనే ఉంది. మిస్త్రీ పెట్టె ఊడదీసి, దాని కాళ్ళ మధ్య కొలిచాడు. 120 ఓములు! రెసిస్టరు క్షేమం. మరి నేరం తీగదే కావాలి. ఆ చివరినుంచి ఈ చివరికి ఒక్కొక్క తీగనే పరీక్షించాడు. ఒకటి మోగింది, రెండవది మోగలేదు. తీగ వెంటే చెయ్యి పోనిచ్చి చూస్తే, బ్యాటరీ పక్కన ఎలుక కొరికిన చోటు దొరికింది!

తెగిన తీగను సీసంతో అతికి, తొడుగు వేసి, మళ్ళీ పురి పెట్టాడు. మీటరు 60 చూపింది. బ్యాటరీ బిగించి, పాత ఫిర్యాదులు చెరిపి తాళం తిప్పితే ఇంజను అంటుకున్నది. కొత్త పెట్టె కొని ఉంటే? డబ్బు పోయేది, తెగిన తీగ తెగినట్టే ఉండేది, బండి మాత్రం కదిలేది కాదు.

మీరు మాత్రం పెద్దవాళ్ళు లేకుండా బండి తీగలు ముట్టుకోకండి. వాటిలో ప్రమాదం జరిగినప్పుడు పేలే గాలిసంచుల తీగలు కూడా ఉంటాయి.

మీకొక ప్రశ్న. మరొక బండిలో మీటరు 60 కాక, 120 కాక, 40 ఓములు చూపింది. ఆ బండికి ఈమధ్యనే ఎవరో ఒక కొత్త పెట్టె తగిలించారు. ఏం జరిగి ఉంటుంది? పలక తీసి లెక్క వెయ్యండి. జవాబు వచ్చే నెల చెబుతాను.