థైరాయిడ్ వేగము – దీర్ఘకాలపు జాగ్రత్త



వేసవిలో పాలమూరు సీమయందు చెమట పట్టుట వింత కాదు. కాని పుష్యమాసపు చలిలో ఇంటివారందఱును దుప్పట్లు కప్పుకొనుచుండగా నొక యిల్లాలికి మాత్రము ఉక్కపోయుట, కడుపునిండ భుజించుచున్నను ఒడలు చిక్కుట, గుండె దడదడలాడుట, చేతివ్రేళ్లు వణకుట, నిదుర పట్టకుండుట సంభవించినచో, వేడిచేసినదని మజ్జిగతో సరిపుచ్చరాదు. ఆమె చిరాకును గయ్యాళితనమని నిందింపనురాదు. మెడ ముందుభాగమున నుండు థైరాయిడ్ గ్రంథి మితిమీఱి పనిచేయుచున్నదనుటకు ఇవి గుర్తులు కావచ్చును. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకు పలురెట్లు హెచ్చుగా వచ్చును. రక్తపరీక్షచే నిజము తేలును.

1835లో డబ్లిన్ నగరపు వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ దీనిని వర్ణించెను. ఇందు ముఖ్యమైన రకమునకు నేటికిని ఆయన పేరే వాడుక. ఆనాడు తగిన చికిత్స లేదు. 1941లో రేడియో అయోడినును, 1943లో గ్రంథి వేగము నణచు మందులును వాడుకలోనికి వచ్చి రోగుల గతిని మార్చినవి.

కార్బిమజోల్ మాత్రలు మొదలిడిన కొన్ని వారములకే దడ తగ్గును. అక్కడనే పెక్కుమంది నయమైనదనుకొని మాత్రలు మానుదురు. సాధారణముగా 12 మొదలు 18 నెలలు వాడవలయును. అటుపిమ్మట మానినను సుమారు సగముమందికి వ్యాధి తిరుగబెట్టును. కావున పరీక్షలు మానరాదు. ఉపేక్షించినచో గుండె లయ తప్పును, ఎముకలు గుల్లబాఱును.

తిరుగబెట్టినవారికి రేడియో అయోడిన్, శస్త్రచికిత్స యను మార్గములు కలవు. వాని పిదప గ్రంథి మందగించి, దినమున కొక థైరాక్సిన్ మాత్ర జీవితాంతము వలసియుండవచ్చును. దానికి దిగులుపడ నక్కఱలేదు. బిడ్డలను కని పెంచి ముదిమివఱకు సుఖముగా నుండవచ్చును.

కార్బిమజోల్ వాడునపుడు జ్వరము, గొంతునొప్పి, నోటిపూత కలిగినచో మాత్ర ఆపి, ఆనాడే వైద్యునికి చూపి తెల్లరక్తకణముల పరీక్ష చేయించుకొనవలెను. గర్భవతులును, సంతానము కోరువారును ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. మందు మార్చవలసి యుండును. కన్నులు ఉబ్బినవారికి చుట్ట, బీడీల పొగ మిక్కిలి హానికరము.

నాగర్‌కర్నూలులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. కూలిపనులకై దూరదేశములకు వలసపోవు కుటుంబములవారు మాత్రలను, పరీక్షల కాగితములను మూటలో మఱువక పెట్టుకొనవలయును. మాత్ర తప్పకుండుట రోగి వంతు. వేళకు పరీక్షకు వెంట తీసికొనిపోవుట ఇంటివారి వంతు.