చలనచిత్రములు: ఒక విద్యార్థి వ్యాసమును గూర్చి

ఈ యేటి సంచికకు వచ్చిన వ్యాసములలో పదవ తరగతి విద్యార్థి యొకడు వ్రాసిన "నేను మెచ్చిన చలనచిత్రములు" అనునది సంపాదక సంఘమున గొప్ప చర్చకు కారణమయ్యెను. సినిమాలను పొగడుటకు బడి పత్రికయే దొరకినదా యని యొకరనిరి. తల్లిదండ్రులేమనుకొందురో యని మరియొకరు సందేహించిరి. దానిని అచ్చువేయవలెనని పట్టుపట్టినవాడను నేను. తుదకు నా మాట నెగ్గినది గాని, "అట్లయిన మీ కారణములను గూడ వ్రాసి యిండు" అని ప్రధానోపాధ్యాయులవారు సెలవిచ్చిరి. కావున వ్రాయుచున్నాను. కారణములతో పాటు నా తప్పొకటి గూడ చెప్పుకొనవలసియున్నది.

రెండేండ్ల క్రిందట ఈ బాలుడు ఎనిమిదవ తరగతిలో నుండగా, ఒకనాడు నేను ఉత్పలమాలకు గణవిభజన చేయించుచుంటిని. వెనుక బల్లపై వీడు తలవంచుకొని యేమో గీయుచుండెను. దగ్గరకు పోయి చూతును గదా, నోటుపుస్తకము నిండ చతురస్రపు గళ్లు! ఒక గడిలో కన్ను. దాని ప్రక్క గడిలో మూసిన తలుపు. ఆ ప్రక్కన గొళ్లెముపై ఒక చేయి. మరల కన్ను, ఈ సారి మరింత పెద్దది. భగణ రగణముల వేళ ఈ గళ్లేమిటని కేకవేసి, పుస్తకము లాగికొని, బీరువాలో పడవేసి తాళము వేసితిని. వాడు ఎదురు చెప్పలేదు. సంవత్సరాంతమున తిరిగి అడుగను గూడ లేదు. ఆ అడుగకపోవుటయే ఇప్పుడు నన్ను బాధించుచున్నది.

ఆ గళ్ల అర్థము నాకు ఆలస్యముగా తెలిసినది. వంగదేశపు దర్శకుడు సత్యజిత్ రాయ్ తన మొదటి చిత్రమైన "పథేర్ పాంచాలి"కి దృశ్యములను వరుసగా బొమ్మలు గీసికొని, ఆ బొమ్మల పుస్తకమునే నిర్మాతలకు చూపుచు తిరిగెనని చదివితిని. వారెవ్వరును ఒప్పుకొనలేదు. ఒప్పుకొననందుకు లోకము వారిని ఇప్పటికిని నిందించుచున్నది. నేను వారికంటె ఒక మెట్టు పైకెక్కి పుస్తకమునే లాగికొంటిని.

పోనీ, నాకీ కుతూహలము ఎన్నడును లేనిదా యన్న, అదియు గాదు. నేను నాలుగవ తరగతి చదువు దినములలో మా పల్లెకు ఒక జీపుపై "కరుణామయుడు" వచ్చినది. 1978లో వెలువడిన ఆ చిత్రమును ఊరూరను తెల్లగుడ్డపై వేసి చూపుచుండిరి. చర్చి ముందరి స్థలమున రెండు తాటి దూలములు పాతి గుడ్డ కట్టిరి. చుట్టుప్రక్కల మూడు పల్లెల వారు బండ్లపై వచ్చిరి. ముందు వైపున చోటు దొరకక, నేను మరికొందరు పిల్లలతో గుడ్డకు వెనుక వైపున కూర్చుంటిని. అటునుండియు బొమ్మ కనబడును గాని సమస్తమును తిరుగబడి యుండును. అక్షరములు తలక్రిందులు గావు, ఎడమ కుడులు మారినవి. కడపటి భోజనమున ప్రభువు రొట్టె విరిచి ఎడమచేతితో ఇచ్చుచుండగా నాకు కలిగిన ఆశ్చర్యమును ఎట్లు చెప్పుదును? మా నాయనమ్మ ఇట్టి పనికి నా చేతిపై ఎన్ని దెబ్బలు కొట్టినదో!

సిలువ వేయు ఘట్టమున జనమంతయు ఏడ్చిరి. ముందు వైపునుండి మా నాయనమ్మ ఏడుపు నాకు వినబడుచుండెను. అంతలో రీలు అయిపోయినది. చీకటి. జనరేటరు చప్పుడు. యంత్రము నడుపు ఆయన చిన్న దీపము వెలుగున మరియొక రీలు ఎక్కించుచుండగా నేను పరుగెత్తిపోయి, "ఆ మేకులు నిజముగా కొట్టినారా? కొట్టకపోతే రక్తము ఎట్లు వచ్చినది?" అని అడిగితిని. ఆయన బదులు చెప్పబోవునంతలో మా సంఘపెద్ద యొకరు నా చెవి పట్టుకొని, దేవుని సినిమా చూచి అడుగవలసిన ప్రశ్న యిదియేనా యని గద్దించి, నన్ను మరల గుడ్డ వెనుకకు పంపిరి. నేనును ఎదురు చెప్పలేదు. ఆ ప్రశ్నలో భక్తిలోపము లేదని నేటికిని నా నమ్మకము. ఏడ్చిన జనములో నేనును ఒకడనే. ఏడ్చిన పిమ్మట, ఈ ఏడుపు నాకు ఎవరు ఎట్లు తెప్పించిరని అడిగితిని, అంతే.

ఇక వ్యాసము సంగతి. నిజము చెప్పవలెనన్న అందు లోపములు మెండు. పదునొకండు చిత్రములను పేర్కొని, వానిని హారరు, థ్రిల్లరు, యాక్షను, కామెడీ యని తెగలుగా విభజించి, ఒక్కొక్కదానికి "చాలా బాగున్నది" అని ముద్ర వేసినాడు. ఏల బాగున్నదో చెప్పడు. ఈ దోషము వానిదొక్కనిదే కాదు. మన పెద్దలు పౌరాణికము, జానపదము, చారిత్రకము, సాంఘికము అని విభజించి, మొదటిది చూడవచ్చునని, తక్కినవి చెరుపని చెప్పిరి. పిల్లలు తమ తెగలను చెప్పి, పాతవన్నియు విసుగు పుట్టించునవి అనుచున్నారు. ఇరువురును బస్తాపై చీటి చదివి బియ్యము ధర కట్టువారే.

"మాయాబజార్"ను చూడుడు. 1957లో కె.వి. రెడ్డి తీసిన ఆ చిత్రము పౌరాణికమని అందరము అందుము. శశిరేఖా వివాహ కథ వ్యాసభారతమున లేనేలేదు. చిత్రమందు పాండవులు ఒక్క దృశ్యమునందైనను కనబడరు. వివాహ భోజనము వండించుకొని తిన్న ఘటోత్కచుని చూచి నవ్వనివాడు లేడు. దీనిని పౌరాణికమందుమా, జానపదమందుమా, హాస్యమందుమా? ఏ పేరు పెట్టినను ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆ నౌకావిహారమునకు కురిపించిన వెన్నెల మారదు. ఆ వెన్నెలలో అధికభాగము స్టూడియో గోడల నడుమ దీపములతో పుట్టినదే. మా పిల్లలలో ఎందరికి ఆ పాట కంఠస్థము! ఆ చంద్రుని ఎవరు వెలిగించిరని అడిగినవాడు ఒక్కడు లేడు.

ఇట్లే 1938లో గూడవల్లి రామబ్రహ్మము చలము కథను తీసికొని "మాలపిల్ల" తీసెను. బ్రాహ్మణ యువకుడు హరిజన బాలికను ప్రేమించుటయు, ఆలయ ప్రవేశమును తెరపై చూపుటకు ఆ నాడు గుండె కావలెను. మరుసటి యేడు "రైతుబిడ్డ"లో ఆయన జమీందారీ అన్యాయములను ఎత్తి చూపెను. సాంఘికమను మాట ధైర్యమునకు మారుపేరుగా నుండిన దినములవి. పిదప అదే పేరు క్రింద ఎట్టి సరకు వచ్చినదో పాఠకులకు తెలియనిది కాదు, విస్తరింపను.

హారరు కామెడీ యను తెగను చూచి నవ్విన మా సహోపాధ్యాయులకు మాత్రము ఒక మాట. భరతుడు చెప్పిన ఎనిమిది రసములలో భయానకమును, హాస్యమును రెండును కలవు. పిల్లలు క్రొత్త పేరు పెట్టుకొనిరి, అంతియే.

అయితే ఇన్ని లోపములున్న వ్యాసమునకై నేనేల పట్టుపట్టితిని? అందలి ఒక్క వాక్యము కొరకు. వాడిట్లు వ్రాసినాడు: "భయపెట్టు చిత్రములో దయ్యము కనబడినప్పుడు నాకు భయము వేయదు, తలుపు తెరచుటకు ముందు వేయును." ఇది చదువగానే నాకు బీరువాలోని గళ్లు జ్ఞాపకమునకు వచ్చినవి. కన్ను, తలుపు, చేయి, మరల కన్ను. వాడు ఎనిమిదవ తరగతిలోనే, ఎవ్వరును నేర్పకుండ, చలనచిత్ర కళ యొక్క ఒక మూల రహస్యమును పట్టుకొన్నాడు.

శతాబ్దము క్రిందట రష్యాలో కులెషోవ్ అను దర్శకుడు ఒక నటుని ముఖమును, భావమేమియు లేకుండ తీసిన దానిని, ఒకసారి ఆహారపు గిన్నె ప్రక్కను, ఒకసారి శవపేటిక ప్రక్కను అతికించి చూపెనట. చూచినవారు మొదట ఆకలిని, పిదప దుఃఖమును ఎంత చక్కగా నటించెనని మెచ్చుకొనిరట. ముఖము ఒక్కటే. మారినది ప్రక్కనున్న బొమ్మ. పద్యములో గూడ ఇంతే గదా! ఒక మాట ప్రక్కన ఏ మాట నిలిపితిమో దానిని బట్టి అర్థము వెలుగును. ఇది తెలిసియుండిన, ఆనాడు ఉత్పలమాల పాఠమునకు వాని గళ్లనే ఉదాహరణగా తీసికొనియుందును.

సెకనుకు 24 పటములు, నిమిషమునకు 1,440. మన పిల్లలు వానిని రెండు గంటలు చూచి, కథ చెప్పుమన్న రెండు వాక్యములలో ముగింతురు. నేనీ బాలునికి ఒక పని పెట్టితిని. పదునొకండు చిత్రములు వలదు, ఒక చిత్రములో ఒక్క నిమిషము తీసికొని, అందు ఎన్నిసార్లు బొమ్మ మారినది, వెలుగు ఏ వైపునుండి వచ్చినది, ఏ చప్పుడు వినబడినది వ్రాసికొని రమ్మంటిని. మూడు దినములకు నాలుగు పుటలు వ్రాసి తెచ్చెను. పత్రికలో అచ్చయినది ఆ పిమ్మట తిరుగవ్రాసిన వ్యాసము. రెండింటిని చదివినవాడనగుటచే భేదము నాకు తెలియును.

పిల్లవాని తండ్రి గత మాసమున బడికి వచ్చిరి. ఆటో నడుపుకొను మనిషి. "మాస్టారూ, వీడికి సినిమా పిచ్చి పట్టింది. మీరు మందు వేస్తారనుకుంటే ఇంకా ఎక్కిస్తున్నారట" అనిరి. ఆయన భయము సహేతుకము. చదువు మాని కృష్ణానగరు బస్సెక్కి, ఉన్న డబ్బు పోగొట్టుకొని తిరిగివచ్చిన కుర్రవాని కథ ఏ యూరిలో లేదు? నేను ఆయనకు చెప్పినది ఇది. పూనాలో ప్రభాత్ స్టూడియో స్థలమున 1960లో ప్రభుత్వము నెలకొల్పిన చలనచిత్ర విద్యాలయము కలదు. అందు దర్శకత్వము నేర్చుకొనగోరు వాడు ముందు పట్టభద్రుడు కావలెను. ధ్వని విభాగము కోరువానికి ఇంటర్మీడియటులో భౌతికశాస్త్రము గూడ ఉండవలెను. కావున సినిమా కొరకైనను వీడు లెక్కలు మానుటకు వీలులేదు.

తండ్రిగారు కొంచెము నవ్వి, "అయితే లెక్కలు చదవమని సినిమా పేరుతో చెప్పాలంటారు" అనిరి. ఆ మాటలో నిష్ఠురమున్నదో, ఒప్పుదలయున్నదో నాకిప్పటికిని తెలియదు.

పిల్లవానికి వేరొక సంగతి చెప్పితిని. "పథేర్ పాంచాలి"లో అక్కాతమ్ముళ్లు తెల్లని రెల్లుపూల నడుమ పరుగెత్తి రైలును చూచు దృశ్యము కలదు. ఒకనాడు కొంత చిత్రించి, వారము తరువాత తిరిగిపోయి చూచునప్పటికి ఆ పూలన్నింటిని పశువులు మేసిపోయినవి. మరుసటి ఋతువు వచ్చి రెల్లు మరల పూచువరకు రాయ్ కాచుకొనెను. చేతి ఫోనులో తీసి ఆ రాత్రియే పదిమందికి పంపు మన పిల్లలకు ఈ కథ నమ్మశక్యము గాకుండును. "ఒక యేడు ఆగినారా, సార్!" అని వాడు నోరు తెరచెను.

ఆ నోటుపుస్తకమును బీరువానుండి తీసి వానికి ఇచ్చితిని. తప్పయినదని గూడ చెప్పితిని. ఉపాధ్యాయుడు విద్యార్థితో అట్లు చెప్పవచ్చునా యని మిత్రులొకరు అడిగిరి. చెప్పవచ్చునో రాదో గాని, చెప్పిన పిమ్మట వాడు మొదటిసారిగా నా కన్నులలోనికి చూచి మాటాడెను.

ప్రధానోపాధ్యాయులవారికి నా విన్నపమొకటి. విజ్ఞానశాస్త్రపు గదిలో ప్రొజెక్టరు కలదు, కిటికీలకు నల్లని తెరలు మాత్రము కావలెను. నెలకొక శనివారము మధ్యాహ్నము ఒక చిత్రమును చూపి, ఆ పిమ్మట గంటసేపు పిల్లలచేత మాటాడించుటకు సెలవు దయచేయవలెను. తల్లిదండ్రులును వచ్చి కూర్చుండవచ్చును. మొదటి చిత్రమును పిల్లలే ఎన్నుకొందురు గాక, అది హారరైనను నేను కూర్చుండి చూచెదను. రెండవ నెల మాత్రము నా వంతు. నాకు రెల్లుపూలు చూపవలెనని యున్నది.