కొత్త బండి పసిబిడ్డ కాదు బావా!

మా కాశీబుగ్గలో కొత్త కారు కొంటే చెయ్యాల్సిన పనులు నాలుగు. ఒకటి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం. రెండు, బానెట్ మీద పసుపూ కుంకుమా. మూడు, వీధిలో అందరికీ స్వీట్లు. నాలుగు, వెయ్యి కిలోమీటర్లు నిండేవరకూ బండిని నలభై దాటించకపోవడం. మొదటి మూడింటితో నాకు ఏ పేచీ లేదు. నిమ్మకాయ తొక్కి ఇంజను పాడయినట్టు నేనెక్కడా వినలేదు. నా గొడవంతా ఆ నాలుగోదానితోనే.

ఓ ఇంజను గురించి ఇంత ఆవేశం ఎందుకయ్యా అంటే, మా బావ వల్ల.

బావ అప్పు చేసి ఓ టర్బో డీజిల్ కారు కొన్నాడు. షోకుకి కాదు. మావయ్యకి కిడ్నీలు పోయాయి, వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఉద్దానంలో ఈ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళ ఊరి నుంచి పలాసకి పదిహేను కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు ఆటోలో ఎలాగో వెళ్ళినా, వచ్చేటప్పుడు మావయ్య కూర్చోలేకపోయేవాడు. అందుకని కారు.

ఇక సలహాలు మొదలు. షోరూం కుర్రాడు తాళాలిస్తూ "వెయ్యి దాకా స్లోగా సార్" అన్నాడు. గేరేజీ మేస్త్రీ "నలభై దాటించకు" అన్నాడు. లారీలు తోలి రిటైరైన ఓ పెద్దాయన "పొద్దున్నే ఓ పావుగంట స్టార్ట్ చేసి వొదిలీ బాబూ, ఇంజనుకి మంచిది" అన్నాడు. బావ ముగ్గురి మాటా విన్నాడు. రోజూ పొద్దున్న పావుగంట ఊరికే స్టార్ట్ చేసి ఉంచడం, నలభైలో అయిదో గేరు వేసి పదిహేను కిలోమీటర్లు వెళ్ళడం, ఆస్పత్రి బయట ఏసీ వేసుకుని ఇంజను ఆన్‌లో ఉంచి కూర్చోవడం. ఎనిమిది వందల కిలోమీటర్ల దగ్గర డాష్‌బోర్డు మీద ఓ పసుపు లైటు వెలిగింది. ఫోన్ చేస్తే "ఫస్ట్ సర్వీసులో చూద్దాం సార్" అన్నారు. తర్వాత ఓ రోజు తెల్లారకట్ట, మావయ్య వెనక సీట్లో ఉండగా, బండి లాగడం మానేసింది. ఎంత తొక్కినా కదల్లేనట్టు నడుస్తోంది. మళ్ళీ ఆటోయే దిక్కయింది. డయాలిసిస్ టైము దాటిపోయి, మావయ్య ఆ పూటంతా బెంచీ మీద కూర్చున్నాడు.

సర్వీసు సెంటర్ వాళ్ళు బండి చూసి ఏమన్నారో తెలుసా? "మీరు మరీ మెల్లగా నడుపుతున్నారు సార్!"

బావ నాకు ఫోన్ చేసి ఒకటే మాట అన్నాడు. "ఏటి బావా ఇది, పసిబిడ్డలాగ సూసుకున్నాను గదా, మరేటైంది దీనికి?"

అదే బావా, పసిబిడ్డలాగ చూసుకోవడమే తప్పు.

అసలు కొత్త ఇంజనులో ఏం జరుగుతుందో చూద్దాం. సిలిండర్ లోపలి గోడ మనం అనుకున్నట్టు అద్దంలా నున్నగా ఉండదు. ఫ్యాక్టరీలో కావాలనే దాని మీద వలలాగా అడ్డదిడ్డంగా సన్నటి గీతలు గీస్తారు. హోనింగ్ అంటారు దాన్ని. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. పిస్టన్ రింగులు ఆ గోడ మీద రాసుకుంటూ పైనుండే గరుకుని అరగదీసి, గోడకి సరిగ్గా అతుక్కుంటాయి. దీన్నే రింగులు కూర్చోవడం అంటాం. ఇది సరిగ్గా జరిగితే ఇంజను ఏళ్ళ తరబడి ఆయిల్ తాగకుండా నడుస్తుంది. లేకపోతే మొదటినుంచీ తాగుతుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. రింగుని గోడకేసి నొక్కేది దాని స్ప్రింగు బలం ఒక్కటే కాదు. అది చాలా తక్కువ. అసలు నొక్కుడంతా మండిన గ్యాస్‌ది. ఆ గ్యాస్ రింగు వెనక్కి దూరి దాన్ని బయటికి తోస్తుంది. కారు టైర్లో మనం కొట్టించే గాలి రెండు, రెండున్నర బార్. ఇప్పటి టర్బో డీజిల్ సిలిండర్లో, గట్టిగా లాగేటప్పుడు, ఒత్తిడి నూట యాభై బార్ కూడా దాటుతుంది. ఊరికే స్టార్ట్ చేసి వదిలేసినప్పుడు అది అంతకంటే చాలా తక్కువ. అంటే లోడ్ లేకపోతే నొక్కుడు చాలదు, నొక్కుడు చాలకపోతే రింగు సరిగ్గా కూర్చోదు. ఆయిల్ మాత్రం గోడ మీద సగం సగం కాలి, ఆ గీతల్ని పూడ్చేసి గాజులా గట్టిపడుతుంది. దీన్ని గ్లేజింగ్ అంటారు. డీజిల్ ఇంజన్లకి ఇది బాగా తెలిసిన రోగమే. రోజంతా తక్కువ లోడ్ మీద నడిచే జనరేటర్లకీ ఇదే పడుతుంది.

మన పలాస వాళ్ళకి ఇంకోలా చెప్తాను. జీడిపిక్కకి వేడి తగలకపోతే పెంకు వదలదు. ఎక్కువ తగిలితే పప్పు మాడిపోతుంది. "పిక్క సుకుమారమైంది, అసలు వేడే పెట్టొద్దు" అనే మేస్త్రీని ఏ ఫ్యాక్టరీ వాడైనా పనిలో ఉంచుకుంటాడా? ఇంజను సంగతి కూడా అంతే.

మరి మావయ్యని బెంచీ మీద కూర్చోబెట్టింది రింగులు కాదు. రింగుల నష్టం ఎప్పటికో బయటపడుతుంది. ఆ రోజు బండిని ఆపింది పొగ గొట్టంలో ఉండే ఫిల్టరు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది కదా, అప్పట్నుంచి డీజిల్ కార్లకి మసిని పట్టుకునే ఈ డీపీఎఫ్ తప్పనిసరి లాంటిదే అయింది. పట్టుకున్న మసిని అది అప్పుడప్పుడూ కాల్చుకోవాలి. దానికి ఆరు వందల డిగ్రీల దాకా వేడి కావాలి. ఆ వేడి రావాలంటే హైవే మీద ఓ ఇరవై నిమిషాలు ఆగకుండా కాస్త వేగంగా నడవాలి. నలభైలో పదిహేను కిలోమీటర్లు వెళ్ళి, ఆపేసి, మళ్ళీ ఐడిలింగ్‌లో పెట్టి కూర్చుంటే ఆ వేడి ఎప్పుడొస్తుంది? మసి పేరుకుంటుంది, లైటు వెలుగుతుంది, ఆఖరికి బండి తనని తాను కాపాడుకోడానికి పవర్ తగ్గించేస్తుంది. పైగా ఈ కాల్చుడు సగంలో ఆగిపోయిన ప్రతిసారీ, అందుకోసం అదనంగా చిమ్మిన డీజిల్ కొంత జారి ఇంజను ఆయిల్లో కలుస్తుంది. పల్చబడిన ఆయిల్‌తో కొత్త ఇంజను నడుపుతున్నామన్నమాట. ఎంత ముద్దుగా చూసుకున్నట్టో!

అలాగని పెద్దాయనది మూర్ఖత్వం అనను. ఆయన నేర్చుకున్న రోజుల్లో ఆ మాట నిజమే. అప్పటి ఇంజన్లలో భాగాలు ఇంత కచ్చితంగా చెక్కేవాళ్ళు కాదు. కొత్తలో ఇనప రజను ఆయిల్లోకి దిగేది. బిగుతుగా ఉన్న పిస్టన్ వేడెక్కి పట్టేసేది. టర్బో లేదు, ఫిల్టరు లేదు. ఇంగ్లండులో అయితే కొత్త కారు వెనక అద్దానికి 'రన్నింగ్ ఇన్' అని బోర్డు పెట్టుకుని మరీ మెల్లగా వెళ్ళేవాళ్ళు. ఆ ఇంజన్లు పోయాయి. సలహా మాత్రం తాతల ఆస్తిలా చేతులు మారుతూనే ఉంది.

దీనికి సరిగ్గా ఉల్టా ఇంకో బాచీ ఉంది. యూట్యూబ్ చూసి "మొదటి రోజు నుంచే దంచెయ్యాలి మామా" అంటారు. వీళ్ళూ తప్పే. చల్లని ఇంజనులో అన్ని భాగాలూ ఇంకా తమ సైజుకి రాలేదు, ఆయిల్ చిక్కగా ఉంది. చిన్న టర్బో గట్టిగా తిరిగేటప్పుడు నిమిషానికి రెండు లక్షల చుట్లు కూడా దాటుతుంది, అదీ ఓ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. స్టార్ట్ చేసిన అర నిమిషానికే దాన్ని దంచితే బేరింగు ఏమవుతుంది? మర్నాడే పోదు, అందుకే వాళ్ళకి ధైర్యం :)

మరి ఏం చెయ్యాలి? పెద్ద బ్రహ్మవిద్య కాదు. స్టార్ట్ చేసి అర నిమిషం ఆగి బయల్దేరండి. మన ఊళ్ళో చలికి అంతకంటే అక్కర్లేదు. ఇంజను వేడెక్కేదాకా మెల్లగా, వేడెక్కాక లోడ్ ఇవ్వండి. రెండువేల ఆర్‌పీఎం చుట్టుపక్కల నుంచి మూడువేల దాకా గట్టిగా లాగనిచ్చి, యాక్సిలరేటర్ వదిలి దానంతటదే మెల్లబడనివ్వండి. మళ్ళీ లాగనివ్వండి. ఒకే వేగంతో గంటలు గంటలు వద్దు, అది నలభై అయినా ఎనభై అయినా. నలభైలో అయిదో గేరు అసలొద్దు. అది మెల్లగా నడపడం కాదు, ఇంజనుని కుంగదీయడం. రెడ్ లైన్ దాకా తీసుకెళ్ళొద్దు. గట్టిగా లాగించాక ఆపేముందు ఓ నిమిషం ఊరికే తిరగనిస్తే టర్బో చల్లబడుతుంది. ఆయిల్ మార్చాల్సొస్తే బండి పుస్తకంలో రాసిన రకమే పొయ్యండి. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ కావాలి, డబ్బాలోది ఏదో ఒకటి కాదు. కాశీబుగ్గ నుంచి హరిపురం, కంచిలి దాకా హైవే మీద వెళ్ళి, సోంపేట, కవిటి వైపు ఊరి రోడ్లు తిరిగి వస్తే వీటిలో చాలా భాగం ఒక్క ఆదివారంలో అయిపోతుంది. కొబ్బరి తోటల గాలి ఉచితం.

ఇదంతా నేను కనిపెట్టింది కాదు. వేగం మార్చుతూ ఉండమనీ, ఎక్కువసేపు ఐడిలింగ్ వద్దనీ, పసుపు లైటు వెలిగితే హైవే ఎక్కమనీ బావ కారు పుస్తకంలోనే ఉంది. గ్లోవ్‌బాక్సులో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, ఇంగ్లీషులో. నా కోపం అసలు ఇక్కడ. పది లక్షలు దాటిన వస్తువు అమ్మే షోరూం, అందులోంచి రెండు పేజీలు తెలుగులో అచ్చు వేసి చేతికివ్వలేదా? "స్లోగా సార్" అనడానికి పట్టిన టైములోనే "ఐడిలింగ్ వద్దు సార్" అని చెప్పలేరా? అంతకంటే ముందు, "రోజూ పదిహేను కిలోమీటర్లే తిరుగుతారా? అయితే మీకు డీజిల్ వద్దు, పెట్రోల్ తీసుకోండి" అని ఒక్కడైనా అనాలి కదా? అనలేదు. బావ ఎందుకు కొంటున్నాడో వాళ్ళకి చెప్పాడు కూడా.

నేను చేసింది చిన్న పనే. ఆ రెండు పేజీలూ తెలుగులో టైప్ చేసి బావకి పంపాను. ఇప్పుడు మావయ్యని దింపాక, ఆస్పత్రి బయట ఏసీలో కూర్చోకుండా, ఆదివారం పూట నందిగాం, టెక్కలి దాకా హైవే మీద వెళ్ళొస్తున్నాడు. లైటు మళ్ళీ వెలగలేదు. ఇంతటితో అంతా సర్దుకుందని నేననను. ఆ మొదటి ఎనిమిది వందల కిలోమీటర్లూ రింగులకి ఏం చేశాయో లక్ష కిలోమీటర్లప్పుడు గానీ తెలీదు. అప్పు వాయిదాలు మాత్రం నెల నెలా తెలుస్తూనే ఉన్నాయి.

మీరు కొత్త డీజిల్ బండి కొంటే నిమ్మకాయలు తప్పకుండా తొక్కించండి. ఆ తర్వాత గ్లోవ్‌బాక్సు తెరవండి. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి చదివించుకోండి. వాళ్ళ ఇంజనీరింగ్ ఫీజులు కట్టింది మరెందుకు?