పరాయి ఊళ్ళో మ్యాచ్, మన పిల్లలు



మీ అబ్బాయో అమ్మాయో అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేస్తున్నారంటే అది చదువు కోసం కాదని మీకూ తెలుసు, పొద్దున మొదటి పీరియడ్‌లో ఆవలింతలు లెక్కపెట్టే నాకూ తెలుసు. యూరప్‌లో రాత్రి 9 గంటలకు మొదలయ్యే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ మనకు అక్కడి వేసవి వేళల్లో 12:30కి, చలికాలంలో 1:30కి వస్తుంది. ఆ సరదా ఇప్పుడు టీవీ దాటింది. "టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకుంటే ఇంగ్లండ్ తీసుకెళ్ళి మ్యాచ్ చూపిస్తామని మాటిచ్చాం మేడం" అని పేరెంట్-టీచర్ మీటింగుల్లో చెప్పినవాళ్ళు ఒకరిద్దరు కాదు. "డబ్బు దండగంటారా?" అని ఒక నాన్నగారు నన్ను సూటిగానే అడిగారు. దండగ కాదనే నా అభిప్రాయం. కాకపోతే ఏం కొంటున్నారో తెలుసుకుని కొనండి.

ఫుట్‌బాల్‌లో మ్యాచ్‌లు రెండు రకాలు: హోమ్, అవే. (మన "అవే తప్పులు మళ్ళీ" లోని అవే కాదు, ఇంటికి దూరంగా అని.) మన జట్టు పరాయి ఊరు వెళ్ళి ఆడితే అది అవే మ్యాచ్. దాని వెనకాలే రైళ్ళల్లో, బస్సుల్లో, దేశం దాటాల్సి వస్తే విమానాల్లో అభిమానులూ వెళ్తారు. ప్రీమియర్ లీగ్‌లో ఇలా వచ్చేవాళ్ళ కోసం హోమ్ క్లబ్బు 3,000 సీట్లు, స్టేడియం చిన్నదైతే మొత్తం సీట్లలో పదో వంతు, ఇవ్వాలి. యూరప్ క్లబ్ పోటీల్లో 5 శాతం. అంటే యాభై అరవై వేల మంది ఒక జట్టు పేరు అరుస్తుంటే, ఓ మూలన రెండు మూడు వేల మంది ఇంకో పేరు అరుస్తుంటారు. మన పిల్లలు టీవీలో చూసి మురిసిపోయేది చాలాసార్లు ఆ మూలనే.

ఆ మూల సీటు డబ్బుతో దొరకదు. సాధారణంగా క్లబ్బు మెంబర్లకు, అందులోనూ ఎన్నో ఏళ్ళుగా జట్టు వెంట తిరిగినవాళ్ళకు ముందు ఇస్తారు. బ్లాక్‌లో కొందామంటే, ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. టూర్ ప్యాకేజీలో మనకు వచ్చేది ఎక్కువగా హోమ్ జట్టు వైపు సీటు. మీవాడు అభిమానించేది వచ్చిన జట్టునైతే, వాడు ఆ జెర్సీ వేసుకుని ఆ సీట్లో కూర్చుంటే, స్టీవర్డులు వచ్చి బయటికి పంపించే అధికారం ఉంది. పదిహేనేళ్ళ పిల్లాడైనా సరే. కాబట్టి ప్యాకేజీ కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న హోటల్‌కి ఎన్ని స్టార్లని కాదు, సీటు ఎవరి వైపని.

"ఆటే కదా, అంత కట్టడి ఎందుకు?" అంటారేమో. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో లివర్‌పూల్, యువెంటస్ ఫైనల్ ఆడాల్సి ఉంది. రెండు జట్లూ ఆ ఊరికి పరాయివే. ఆట మొదలవకముందే లివర్‌పూల్ అభిమానులు కొందరు పక్క స్టాండులోకి దూసుకెళ్ళారు. తప్పించుకోబోయిన జనం ఒత్తిడికి గోడ కూలింది. 39 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇటలీవాళ్ళు. ఆట చూడ్డానికి దేశం దాటి వెళ్ళి, ఇంటికి రానివాళ్ళు. తర్వాత ఇంగ్లండ్ క్లబ్బులన్నింటినీ ఐదేళ్ళ పాటు యూరప్ పోటీల నుంచి వెలేశారు. ఇప్పుడు అక్కడ గొడవచేసి కోర్టులో నిషేధం పడినవాళ్ళు, విదేశాల్లో పెద్ద మ్యాచ్‌లున్నప్పుడు పాస్‌పోర్టు పోలీసులకు అప్పగించాలి. అభిమాని ఊరు దాటడాన్ని ఆ దేశం అంత గట్టిగా తీసుకుంటోంది.

ఇది మనకెందుకంటే, ఆ గొడవల్లోని విషం ఫోన్ల ద్వారా మన కారిడార్ల దాకా వచ్చింది. తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి, మాంచెస్టర్ యునైటెడ్ బ్యాగు తగిలించుకున్న తోటి పిల్లాడిని చూసినప్పుడల్లా చేతులు చాచి విమానంలా ఊగి కింద పడేవాడు. చుట్టూ నవ్వులు. దాని అర్థమేమిట్రా అని అడిగితే, "తెలీదు మ్యామ్, రీల్స్‌లో చేస్తారు" అన్నాడు. నిజంగానే తెలీదు వాడికి.

ఆ వారం గ్రామర్ పక్కనపెట్టి క్లాసంతటికీ చెప్పాను. 1958 ఫిబ్రవరి 6న మాంచెస్టర్ యునైటెడ్ జట్టు బెల్‌గ్రేడ్‌లో అవే మ్యాచ్ ఆడి తిరిగొస్తోంది. ఇంధనం కోసం మ్యూనిక్‌లో దిగిన విమానం, రన్‌వే మీద కరిగీ కరగని మంచులో మూడోసారి పైకి లేవబోయి కూలిపోయింది. 23 మంది పోయారు. అందులో 8 మంది ఆటగాళ్ళు, విలేకర్లు, జట్టుతో పాటు వెళ్ళిన ఒక అభిమాని కూడా. ఇంగ్లండ్‌లో ఇలాంటి విషాదాలను ఎగతాళి చేస్తే ఇప్పుడు ఊరుకోవడం లేదు. 1989లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట వల్ల చనిపోయిన 97 మందిని వెక్కిరించే చొక్కా వేసుకుని 2023 ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌కు వచ్చిన వ్యక్తికి కోర్టు నాలుగేళ్ళ నిషేధం వేసింది. మనవాడు తెలియక చేసే ఆ సైగే రేపు మీ పక్కన, ఆ ఊళ్ళో, ఆ స్టాండులో చేస్తే? వాడికి తెలియదని అక్కడ ఎవరికి చెప్తారు? వీసా, స్వెట్టర్లు, పచ్చడి సీసాలు సర్దుతాం. ఆ జట్టు కథ, ఎదుటి జట్టు కథ కూడా పిల్లాడికి చెప్పి సర్దాలి.

రెండో వైపు కూడా చూడండి. జపాన్ తొలిసారి ప్రపంచ కప్ ఆడింది 1998లో, ఫ్రాన్స్‌లో. మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. అయినా వెంట వచ్చిన అభిమానులు వెళ్ళేముందు తమ సీట్ల చుట్టూ చెత్త ఏరి సంచుల్లో వేసి వెళ్ళారు. అప్పటి నుంచి మానలేదు. 2018లో రష్యాలోని రోస్తోవ్‌లో బెల్జియం మీద 2-0 ఆధిక్యంలో ఉండి, చివరి క్షణాల్లో 3-2తో ఓడిపోయిన రాత్రి కూడా కళ్ళు తుడుచుకుంటూ స్టాండ్లు శుభ్రం చేశారు. జట్టు డ్రెస్సింగ్ రూమ్‌ను అద్దంలా ఉంచి, రష్యన్ భాషలో థ్యాంక్స్ రాసిన కాగితం పెట్టి వెళ్ళింది. 2022లో ఖతర్‌లో తొలి మ్యాచ్ ఖతర్‌కూ ఈక్వెడార్‌కూ మధ్య. జపాన్‌కు ఏ సంబంధమూ లేదు. చూడ్డానికి వచ్చిన జపాన్‌వాళ్ళు అక్కడా సంచులు తీశారు.

పత్రికలు దీన్ని వింతలా రాస్తాయి. నాకేమీ వింత అనిపించదు. జపాన్‌లో పిల్లలు తమ క్లాస్‌రూమ్ తామే ఊడ్చుకుంటారు, అది టైమ్‌టేబుల్‌లో భాగం. మన దగ్గర? పీరియడ్ అయ్యాక కింద పడిన కాగితాలు తీయమంటే "ఆయమ్మ ఉంది కదా మ్యామ్" అంటారు. పిల్లాడి చేతికి చీపురు ఇస్తే సాయంత్రానికి ఫోన్లు వస్తాయి, "ఫీజు కట్టేది ఇందుకా?" అని. మీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ లక్షలు పెట్టి ఆ స్టేడియంలో కూర్చోబెట్టాక వాడు పాప్‌కార్న్ డబ్బా సీటు కింద వదిలేసి వస్తే, పక్క సీటాయన చూసేది మన పిల్లాడిని కాదు, మన దేశాన్ని.

ఇంకో మాట, వినడానికి చాదస్తంగా ఉండొచ్చు. ఇంగ్లండే ఎందుకు? యూరప్ సీజన్ ఆగస్టు నుంచి మే దాకా. మన వేసవి సెలవులు మొదలయ్యేసరికి అక్కడ చివరి మ్యాచ్‌లు, టికెట్ కష్టం. మన దేశం ఆడే అవే మ్యాచ్ చూపించాలని ఎవరికీ ఎందుకు తోచదు? 2024 జనవరిలో ఖతర్‌లో ఆసియా కప్ జరిగింది. ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా చేతుల్లో మనం వరుసగా ఓడిపోయాం, ఒక్క గోల్ కూడా వేయలేదు. స్టాండ్లు మాత్రం మనవాళ్ళతో నీలంగా నిండిపోయాయి, ఎక్కువమంది గల్ఫ్‌లో పనిచేసుకునేవాళ్ళు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్ళి ఎండలో భవనాలు కట్టినవాళ్ళు ఉండే దేశమది. ఓడిపోయే జట్టు కోసం సెలవు రోజు వదులుకుని అరవడం ఎలా ఉంటుందో ఐదు నక్షత్రాల లాంజ్‌లో కనిపించదు.

పరాయి గడ్డ మీద ఒంటరిగా నిలబడటం మన హైదరాబాద్‌కు కొత్త కాదు కూడా. స్కూల్ టీచరుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు కోచ్‌గా ఉన్న భారత జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ ఆడింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వలేదని మన క్రీడాధికారి ఒకరు అభ్యంతరం చెప్పారు, దాంతో ఊరంతా మన మీద మండిపడుతోంది. స్టేడియం నిండా జనం, దక్షిణ కొరియా వైపు. అలాంటి చోట మనకోసం అరిచినవాళ్ళు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని మన జట్టువాళ్ళు తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ క్రీడల్లోనే హాకీ ఫైనల్‌లో మనల్ని ఓడించినవాళ్ళు వాళ్ళు. మనం 2-1తో గెలిచాం. ఈ కథ నేను చెప్పినప్పుడు క్లాసులో విమానం సైగ చేసిన అబ్బాయే ముందుగా అడిగాడు, "పాకిస్తాన్‌వాళ్ళు మనకెందుకు అరిచారు మ్యామ్?" అని. జవాబు వాళ్ళనే రాసుకురమ్మన్నాను. వచ్చిన జవాబులు మార్కులేయడానికి మనసొప్పనంత బాగున్నాయి.

వెళ్ళేవాళ్ళు వెళ్ళి రండి, ఫోటోలు నాకూ చూపించండి. వెళ్ళలేనివాళ్ళకు మన బ్రాంచీల జోనల్ స్పోర్ట్స్ మీట్ ఉంది. పక్క బ్రాంచి గ్రౌండే మన పిల్లల మొదటి అవే మ్యాచ్. ఈసారి మా తొమ్మిదో తరగతివాళ్ళు వాటర్ బాటిల్‌తో పాటు తలా ఒక చెత్త సంచి తెచ్చుకోవాలని డైరీలో రాస్తున్నాను. ఆ రోజు నాకు ఫోన్ చేయాలనుకునేవాళ్ళు దయచేసి ఐదు దాటాక చేయండి. అప్పటిదాకా పిల్లలతో కలిసి గ్రౌండ్‌లో చెత్త ఏరుతూ ఉంటాను.