లక్ష్మణకవి పద్యము లెవరి సొత్తు?

పెద్దాపురమువారికి ఏనుగు లక్ష్మణకవి పరాయివాడు కాడు. 18వ శతాబ్దమున, పెద్దాపుర సంస్థానము వర్ధిల్లుచున్న కాలమున, ఆయన భర్తృహరి సుభాషితములను తెనిగించెను. నాటినుండి నేటివరకు ఆ పద్యములు బడిపిల్లల నోటను పెద్దల నోటను నిలిచియున్నవి. మా యింటి పిల్ల తన మామ్మయొద్ద నేర్చిన పది పద్యములను, శ్రుతిపెట్టె తప్ప వేఱు వాద్యము లేకుండ, తన గొంతుతో పాడి అంతర్జాలమున నుంచినది. మూడవనాడే ఒక సంగీతవ్యాపార సంస్థనుండి ఫిర్యాదు వచ్చెను. ఆ పద్యములు వారి స్వామ్యములోనివట. మేము వారి సొత్తు నపహరించితిమట! ఆ పాట వెంటనే ఎవరికిని వినరాకుండ తొలగింపబడెను.

ఇంటి పెద్దలందఱును, "ఎందుకొచ్చిన గొడవ? ఊరకుండుడు" అనిరి. ఈ మాటనే మేమిట ఖండింపబూనితిమి. దొంగవని పిలువబడినవాడు మాఱుపలుకక తల వంచుకొని పోయినచో, ఊరివారు వానిని శాంతస్వభావుడని మెచ్చుకొందురా? దొంగయే యని నిశ్చయింతురు. అంతేకాదు, నేడు మన మూరకుండినచో రేపు పిఠాపురమున మఱియొక బాలిక ఈ పద్యములనే పాడినప్పుడు ఆమెపైనను ఇదే ఫిర్యాదు పడును. మన మౌనమే వారికి దస్తావేజగును.

శాస్త్ర మేమనుచున్నది? 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ననుసరించి గ్రంథస్వామ్యము కర్త జీవించినంతకాలమును, ఆయన మరణానంతరము 60 ఏండ్లును ఉండును. లక్ష్మణకవి కీర్తిశేషుడై రెండువందల యేండ్లు దాటినది. ఆ మాటకు వచ్చిన, భర్తృహరిని ఏలకూచి బాలసరస్వతియు పుష్పగిరి తిమ్మనయు సయితము తెనిగించిరి. వారిలో నెవరును ఒకరినొకరు దొంగయనలేదు.

అయినను న్యాయము రెండు వైపుల చూడవలెను. ఒక సంస్థ గాయకునిచే పాడించి, వాద్యములు కూర్చి, ధనము వెచ్చించి చేసిన రికార్డు ఆ సంస్థదే. దానికిని 60 ఏండ్ల రక్షణ కలదు. మేము ఆ రికార్డునే తెచ్చి పెట్టినచో తప్పు మాదే. తీసివేసి క్షమాపణ చెప్పవలసినదే. జీవించియున్న స్వరకర్త హక్కుల మాటయు వేఱు. 2017లో ఇళయరాజాగారి పక్షమున నోటీసు రాగా, యస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారంతటి గాయకుడు ఆ పాటలను సభలలో పాడుట నిలిపివేసెను. కళాజీవుల కూడు పడగొట్టుమని మేము చెప్పుట లేదు. వారి గానము వారిది. పద్యము మాత్ర మందఱిది. ఈ భేదమును చెఱిపివేయుటయే మా యాక్షేపణకు కారణము.

ఇట్టి ఫిర్యాదులలో పెక్కింటికి మూలము ధ్వనిని ధ్వనితో పోల్చిచూచు యంత్రములు. యంత్రమునకు స్వరసామ్యము తెలియును గాని, కవి గతించి ఎన్నేండ్లైనదో తెలియదు. తెలిసికొనవలసిన మనుష్యుడు సంతకము మాత్రమే చేయుచున్నాడు.

2013వ సంవత్సరపు కాపీరైటు నియమములు ఫిర్యాదు అందిన 36 గంటలలో నిర్వాహకులు ఆ కృతిని నిలిపివేయవలెనని చెప్పుచున్నవి. కాని 21 దినములలో న్యాయస్థానపు టుత్తరువు రానిచో దానిని మరల నుంచవచ్చునని కూడ అవియే చెప్పుచున్నవి. చట్టములోని 60వ సెక్షను ప్రకారము, నిరాధారముగా వ్యాజ్యము వేయుదుమని బెదిరించినవారిపై బాధితులే దావా వేసి నష్టపరిహారము కోరవచ్చును. మొదటి మాట నెఱిగి భయపడువారు తక్కిన మాటలను చదువకుండుట శోచనీయము.

మేము తిట్టలేదు, వేడుకొనలేదు. పద్యముల కర్త యెవరో, ఏ కాలమువాడో వ్రాసితిమి. కంఠ మెవరిదో, ఏ దినమున ఏ యింట రికార్డు చేయబడినదో తెలిపితిమి. వారి రికార్డునుండి క్షణకాలపు ధ్వనియైనను గ్రహింపలేదంటిమి. వారి స్వామ్యము దేనిపైనో, ఏ పత్రముచే సంక్రమించినదో చూపుడంటిమి. పందొమ్మిదవ దినమున ఫిర్యాదు ఉపసంహరింపబడెను. క్షమాపణవాక్య మొక్కటియు రాలేదు.

చదువరులారా! మీ యింటి పిల్లలపై నిట్టి నింద వచ్చినప్పుడు మొదట నిజ మేమో మీరే విచారింపుడు. తప్పున్నచో ఒప్పుకొనుడు. లేనిచో గడువులోపల ప్రత్యుత్తరము వ్రాసి, ప్రతిని భద్రపఱచుకొనుడు. మా పిల్ల యిపుడు వైరాగ్యశతకములోని పద్యములను నేర్చుచున్నది. అవియు పాడి అచ్చటనే యుంచును.