గింజల లెక్కలో జారిపోయిన కూరాకు

ఆరు రూపాయల డెబ్బై ఎనిమిది పైసలు. ప్రాథమిక పాఠశాల పిల్లకు మధ్యాహ్న భోజనంలో బియ్యం పోగా మిగిలినదంతా, అంటే పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పూ కారం, పొయ్యిలోకి గ్యాసు, ఒక పూటకు ఇంతలో సర్దుకోవాలని 2025 మేలో కేంద్రం సవరించిన లెక్క ఇది. కూరగాయలు తలకు 50 గ్రాములు ఉండాలన్నది నిబంధన. మన రాష్ట్రం గుడ్డుకూ చిక్కీకీ వేరుగా ఖర్చు పెడుతుంది కనుక కంచం మరీ బోసిగా కనిపించదు. బడి గేటుకు పట్టుమని ఇరవై అడుగుల్లో అంగడి. దాని ముందు దండలు కట్టి వేలాడదీసిన చిప్స్ పొట్లాలు, రంగు గొట్టాలు, మసాలా బఠాణీలు. ఒక్కోటి ఐదు రూపాయలు. అనంతపురం జిల్లాలో ఏ ఊరికి పోయినా ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

దేశం మొత్తం మీదా గాలి అటే వీస్తోంది. 2022-23 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబం నెలంతా పెట్టే ఖర్చులో పానీయాలు, చిరుతిళ్లు, ప్రాసెస్ చేసిన ఆహారానికి పోయేది 9.62 శాతం. కూరగాయలకు 5.38 శాతం. 1999-2000లో తక్కెడ ఇంకోలా ఉండేది: కూరగాయలకు ఆరు శాతం పైన, పొట్లాలకూ పానీయాలకూ నాలుగు శాతం పైచిలుకు. ఒక మాట ఒప్పుకోవాలి. ఆ 9.62లో హోటల్లో తాగిన టీ, కూలికి పోయిన చోట కొనుక్కుని తిన్న భోజనం కూడా ఉన్నాయి. అంతా చిప్స్ ఖాతాలో రాసేయడం న్యాయం కాదు. అయినా మొగ్గు ఎటన్నది దాచలేం. అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారాల చిల్లర అమ్మకాల విలువ మన దేశంలో 2011 నుంచి 2021 దాకా ఏటా సగటున 13 శాతానికి పైగా పెరిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నాటి నివేదిక చెప్పింది. రైతు ఆదాయం ఆ వేగంతో పెరిగి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

ఇలాంటి అంకెలు బయటికి వచ్చినప్పుడల్లా ఒక ఉపదేశం వెంట వస్తుంది: జనానికి అవగాహన లేదు, కూరగాయలు తినమని చెప్పాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని ఉంది. సలహాలో తప్పు లేదు. ఐదుగురున్న ఇంటికి లెక్క కట్టి చూడండి. రోజుకు రెండు కిలోలు, వారానికి పధ్నాలుగు. సంత వారానికి ఒక్కసారే జరిగే ఊళ్లో, ఫ్రిజ్ లేని ఇంట్లో, ఏప్రిల్ ఎండల్లో ఆ పధ్నాలుగు కిలోలు ఎక్కడ పెట్టుకోవాలో మార్గదర్శకాలు చెప్పవు.

సీమవాళ్లు మొదటినుంచీ కూరగాయలు తినరని, సంగటి ముద్దా ఊరిమిండీ ఉంటే చాలునని కోస్తా మిత్రులు హాస్యమాడుతుంటారు. అంగడిలో తూకం వేసి అమ్మేదే కూరగాయ అనుకుంటే ఆ మాట నిజమే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ వస్తుందో రాదో తెలియని చోట కూరగాయల తోట బావి ఉన్న ఇంటి వైభవం. మిగతావాళ్ల కూర మెట్టచేనులోంచి వచ్చేది. ముంగారి వాన పడిన పదిరోజులకు ఎర్రనేల మీద ఎవరూ విత్తకుండానే చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు, గంగపాయల మొలిచేవి. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్లు సాయంత్రం ఒడిలో కూరాకుతో ఇంటికి వచ్చేవారు. నాలుగు రకాల ఆకు కలిపి, కందిపప్పు ఉంటే ఇంత వేసి, చింతపండుతో ఉడికించి ఎనిపితే పుల్లగూర. కొర్ర, సజ్జ, జొన్న సాళ్ల మధ్య అలసంద, అనప, కంది, గోగు ఉండేవి. గట్టు మీద దోసతీగ, సొరతీగ. కాయ కాలంలో కాయ, అది పోయాక గింజ, మిగిలినవి కోసి ఎండబెట్టిన ఒరుగులు. వేసవిలో చింతచిగురు. కొలబద్దతో చూస్తే ఇది 400 గ్రాములు అయ్యేదని నేననను. కరువు ఏడాదిలో ఆకు కూడా మొలవదు. అయితే కూరకు పైసా ఖర్చు లేదు, దాన్ని కొనాలన్న ఊహే లేదు.

దీన్ని గమనిస్తే కూరాకు ఎప్పుడు పోయిందో చెప్పడం కష్టం కాదు. కలుపు తీత ఎప్పుడు ఆగిందో అప్పుడు. ఉమ్మడి అనంతపురంలో శెనక్కాయ ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లు దాటి సాగైంది. ఒకే పంట, ఒకే అదను, ఊరంతా ఒకేసారి విత్తడం. అలసంద సాలు ట్రాక్టరు గొర్రుకు అడ్డం. కొర్రచేను ఎటూ పోయింది. కూలి రేటు పెరిగి, మనుషులు బెంగళూరు బస్సెక్కాక కలుపుమందు వచ్చింది. మందుకు చెంచలాకు ఒక కలుపు మొక్క, అంతే. వ్యవసాయ శాఖ పుస్తకంలోనూ అది కలుపే. ఒక జిల్లా తన ఆకుకూరల తోటను, అది తోట అని తెలియకుండానే, ఏటా మందు కొట్టి చంపుకుంది. ఇందుకు రైతును తప్పుపట్టను; అప్పు తెచ్చి వేసిన పంటలో ఇంకో మొక్క బతకడాన్ని ఎవరు సహిస్తారు?

ఇంకో విడ్డూరం నూనె. అన్ని లక్షల హెక్టార్లలో నూనెగింజలు పండించిన జిల్లా రేషన్ దుకాణంలో పామాయిల్ ప్యాకెట్ కోసం వరుసలో నిలబడింది. కాయ మిల్లుకు పోయింది, దాని బదులు మలేషియా, ఇండోనేషియాల నుంచి వచ్చిన నూనె ఇంటికి చేరింది. ఐదు రూపాయల పొట్లాలను వేయించేదీ ఎక్కువగా ఆ నూనెలోనే.

కడుపును గింజలతో కొలిచే అలవాటు మన ప్రభుత్వాలకు ఈనాటిది కాదు. 1876-78 కరువులో మద్రాసు రాజధాని అల్లాడుతున్నప్పుడు, అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, ఖర్చు తగ్గించే పని మీద వచ్చిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. అంటే 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానితోపాటు కూరగాయలు, మాంసకృత్తులు ఉంటేనే రాళ్లు కొట్టే మనిషి బతుకుతాడని వాదించాడు. ఆ గొడవ అంతా ధాన్యం పౌనా, ఒకటిన్నరా అన్న దాని మీదే నడిచినట్టు చరిత్రలో మిగిలింది. కార్నిష్ కూర మాట ఎవరికీ గుర్తు లేదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ పథకాన్ని చిన్నచూపు చూసేవారు సీమలో గంజికేంద్రాల ముందు నిలబడ్డ తరాన్ని అడగాలి. ఆకలి తీరింది. కానీ అన్నానికి సంగటిలా ఒక్క ఊరిమిండి చాలదు. కలుపుకోవడానికి ఏదో ఒకటి కావాలి, చేనులో ఆకు లేదు. అందుకే పచ్చడి, కారప్పొడి, చారు, చిత్రాన్నం. రక్తహీనత గింజలతో తగ్గేది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది.

ఇదంతా చదివి అనంతపురంలో కూరగాయలే పండవనుకుంటే పొరపాటు. హంద్రీ-నీవా నీళ్లు, వెయ్యి అడుగుల బోర్లు, డ్రిప్పు పైపులు కలిసి జిల్లాను పండ్లకూ టమాటాకూ నిలయం చేశాయి. చీనీ, అరటి, దానిమ్మ, కర్బూజ, టమాటా. 2020 సెప్టెంబరు 9న దక్షిణ భారతంలో మొదటి కిసాన్ రైలు అనంతపురం నుంచే ఢిల్లీ ఆదర్శ్ నగర్‌కు బయల్దేరింది. కిరాయిలో సగం కేంద్రం భరించింది. మంచి పనే, రైతుకు రెండు రూపాయలు మిగిలాయి. అయితే రెండు వేల కిలోమీటర్ల దూరానికి టమాటాను మోసేందుకు అప్పట్లో పథకం వచ్చింది, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న బడి వంటశాలకు మోసేందుకు రాలేదు. జిల్లాలోని కక్కలపల్లి టమాటా మార్కెట్లో ధర ఎక్కితే కిలో వంద దాటుతుంది, 2023 జులైలో చూశాం. అప్పుడు ఊళ్లో కొనలేరు. ధర పడితే కోత కూలి కూడా రాదు, కాయను చేనులోనే వదిలేస్తారు, లేదా రోడ్డు పక్కన పారబోస్తారు. రెండు సందర్భాల్లోనూ జిల్లా కంచంలోకి టమాటా వచ్చేది అంతంత మాత్రమే.

ఈ ఖాళీలోకే పొట్లం వచ్చింది. దాని విజయానికి ప్రకటనలను మాత్రమే నిందించడం సులువు. పొట్లం ఆర్నెల్లు చెడదు, ఆకు సాయంత్రానికి వడలిపోతుంది. పొట్లం ఐదు రూపాయలకే దొరుకుతుంది. ఐదు రూపాయల వంకాయలు ఇవ్వమంటే అంగడివాడు నవ్వుతాడు. పొద్దున్నే ఆరుకు ఆటో ఎక్కి కూలికి పోయే తల్లికి దొగ్గలాకు ఏరి, కడిగి, తరిగే తీరిక ఉండదు. ఏడుస్తున్న బిడ్డ చేతిలో ఐదు రూపాయల బిళ్ల పెట్టి పోతుంది. ఆమెకు పోషకాహారం మీద ఉపన్యాసం ఇచ్చే ముందు ఆ ఆటోలో ఒక రోజు ప్రయాణం చేయడం మంచిది.

ప్రాసెస్ చేయడమే పాపమన్న వాదన కూడా నాకు నచ్చదు. బొరుగులు ప్రాసెస్ చేసినవే. వాటిని తడిపి, పిండి, పోపు పెట్టి, పుట్నాలపొడి చల్లిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ, దానికి సాటివచ్చే ఫలహారం నాకు తెలిసి ఈ దేశంలో లేదు. ఒరుగులు, ఊరగాయ, మజ్జిగ మిరపకాయలు, శెనక్కాయ ఉండ, అన్నీ నిల్వ కోసం మనవాళ్లు కనిపెట్టినవే. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మాంటీరో బృందం 2009 నుంచి చెబుతూ వస్తున్న తేడా ఇక్కడే ఉంది. వంటింట్లో ఉండే దినుసును నిల్వ చేయడం ఒకటి. పిండిపదార్థం, శుద్ధి చేసిన నూనె, రంగు, రుచికారకాలు కలిపి మళ్లీ మళ్లీ తినిపించేలా ఫ్యాక్టరీలో తయారుచేయడం ఇంకొకటి. మిల్లెట్ బిస్కెట్ రెండో కోవలోదే, అట్ట మీద కొర్ర కంకి బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా.

ప్రభుత్వానికి ఈ తేడా తెలియదనలేం. 2025 జనవరి ఆఖరున పార్లమెంటు ముందుకు వచ్చిన ఆర్థిక సర్వే అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారాలపై ఆరోగ్య పన్ను ఆలోచించాలంది. ఎనిమిది నెలలు తిరగకుండానే సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, నమ్‌కీన్లు, నూడుల్స్, చాక్లెట్ల మీద జీఎస్టీ ఐదు శాతానికి దిగింది. చల్లటి పానీయాలను మాత్రం నలభై శాతంలో పెట్టారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. బడి ఆవరణలోనూ చుట్టూ 50 మీటర్ల దూరంలోనూ కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలు అమ్మరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. మొదట చెప్పిన అంగడి ఇరవై అడుగుల్లో ఉంది. టేపు పట్టుకుని కొలిచిన అధికారిని నేనింకా చూడలేదు. అలాగని రోజుకు రెండు మూడు వందలు మిగిలే ముసలమ్మ అంగడిని మూయించడంతో మొదలుపెడితే అది ధైర్యం అనిపించుకోదు. చిలీ 2016లో చేసినట్టు పొట్లం మీద నల్లటి హెచ్చరిక ముద్ర వేయమని కంపెనీని అడగడానికి కావాలి ధైర్యం. మన దగ్గర నక్షత్రాలు వేయాలా, హెచ్చరిక వేయాలా అన్న చర్చ 2022 నుంచి సాగుతూనే ఉంది.

జిల్లాలో చేయగలిగినవి ఇంతకంటే దగ్గరగా ఉన్నాయి. ఉమ్మడి జిల్లాలోని చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, దాని రైతుల సహకార సంఘం ధరణి, ఎర్రనేలల్లో చిరుధాన్యాలను మళ్లీ అమ్ముడుపోయే పంటగా నిలబెట్టి చూపాయి. రైతు సాధికార సంస్థ ప్రకృతి సాగు కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ బహుమతి పొందింది. వానకు ముందే నవధాన్యాలు చల్లడం, ఇరవై సెంట్లలో పలు రకాల కూరగాయలు వేయడం దాని పద్ధతుల్లో ఉన్నాయి. చేనులో అలసంద సాలు మళ్లీ కనిపించేది అలాంటి చోటే. ఈ ఇరవై సెంట్లకు స్థిరమైన గిరాకీ లేదు. సంతలో దళారి చెప్పిందే ధర.

బడి ఆ గిరాకీ కాగలదు. చిక్కీలోకి శెనక్కాయ రావడం ఎలా సాధ్యమైందో కూర కూడా అలాగే సాధ్యం. అయితే ఆ 6.78 రూపాయల్లో పప్పూ నూనె ధర పెరిగినప్పుడల్లా తగ్గేది కూరే. ఆ రోజు సాంబారు పలచనవుతుంది. కూరగాయల పద్దును మిగతావాటి నుంచి వేరుచేసి, దాన్ని ఊరి మహిళా సంఘానికి వారం వారం చెల్లిస్తే ఇరవై సెంట్ల రైతు నమ్మి విత్తుతుంది. బిల్లు మూడు నెలలు ఆగితే ఆమె మళ్లీ టమాటా బాక్సు లారీకే ఎక్కిస్తుంది. నిబంధన ప్రకారం వంద మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు కావలసింది రోజుకు ఐదు కిలోలు. ధర పడిపోయిన రోజు కక్కలపల్లి రోడ్డు పక్కన ఒక్క రైతు పారబోసి పోయే టమాటా అంతకు ఎన్నో రెట్లు.