పెయ్యదూడ సరే, ముందు చూడి కట్టాలి కదా!

పాడి రైతుకు కోడెదూడ అక్కర్లేదన్న సంగతి పశుగణన లెక్కల్లోనే కనిపిస్తుంది. 2019 గణన ప్రకారం దేశంలో గోజాతి పశువులు 19.25 కోట్లు. అందులో ఆడవి 14.51 కోట్లు. పుట్టుకలో ఇంత తేడా ఉండదు. ఆవులకు పుట్టే దూడల్లో మగవి సగం కంటే కొంచెం ఎక్కువే. మరి మిగతా కోడెదూడలన్నీ ఏమయ్యాయి? ట్రాక్టరు వచ్చాక దుక్కికి ఎద్దు అవసరం తగ్గింది. తల్లి పాలు దక్కక కొన్ని చస్తున్నాయి, కొన్ని అమ్ముడవుతున్నాయి, కొన్ని రోడ్డున పడుతున్నాయి. దున్నదూడల గతి మరీ ఘోరం. పుట్టాక ఆకలితో చంపే బదులు పుట్టేది పెయ్యే అయ్యేలా చూసుకోవడం ఎంతో మేలు. అందుకే పెయ్యదూడలు పుట్టేలా వేరు చేసిన లింగ నిర్ధారిత వీర్యాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నా పట్టుదలంతా ఒక్క విషయం మీదే: పెయ్య పుట్టే అవకాశం గురించి చెప్పేవాళ్లు చూడి కట్టే అవకాశం గురించి కూడా రైతుకు చెప్పాలి.

మేత మారిస్తే పెయ్య పుడుతుందని, ఎద మొదట్లోనే కృత్రిమ గర్భధారణ ఇంజెక్షన్ చేయిస్తే ఆడదూడే వస్తుందని చెప్పేవాళ్లున్నారు. తల్లి ఒంటి పుష్టికీ బిడ్డ లింగానికీ సంబంధం ఉండవచ్చని 1973లో ట్రివర్స్, విల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన మాట నిజమే. ఆ తర్వాత జరిగిన పరిశీలనలు ఒకదానితో ఒకటి పొసగలేదు. తేడా కనిపించిన చోట కూడా అది స్వల్పమే. రెండు పశువులున్న రైతుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా నష్టం ఉంది. ఉదయం ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు ఉదయం చేయించాలన్నది అనుభవంలో నిలిచిన పద్ధతి. పెయ్య కోసమని ఆ వేళ తప్పిస్తే అసలు చూడే నిలవదు.

నమ్మదగిన దారి ప్రయోగశాలలోనే ఉంది. ఆడదూడకు కారణమయ్యే వీర్యకణంలో డీఎన్ఏ సుమారు 4 శాతం ఎక్కువ. కణాలకు రంగు పట్టించి, ఒక్కొక్కదాన్నీ లేజర్ కాంతి ముందు నుంచి పంపితే ఎక్కువ డీఎన్ఏ ఉన్నది కాస్త ఎక్కువగా మెరుస్తుంది. ఆ మెరుపును బట్టి యంత్రం వేరు చేస్తుంది. అమెరికాలో లారెన్స్ జాన్సన్ బృందం 1989లో ఇలా వేరు చేసిన వీర్యంతో కుందేలు పిల్లల్ని పుట్టించింది. ఇప్పుడు పశువుల్లో 90 శాతం దాకా పెయ్యదూడలే పుడుతున్నాయి. అయితే మామూలు వీర్యం నింపిన స్ట్రాలో (సన్న గొట్టంలో) దాదాపు 2 కోట్ల కణాలుంటే, వేరు చేసిన వీర్యపు స్ట్రాలో 20 నుంచి 40 లక్షలే ఉంటాయి. అవీ ఆ యంత్రం గుండా వచ్చి నలిగినవి. మామూలు వీర్యంతో 100 పశువులు చూడి కట్టే చోట దీనితో 75 నుంచి 90 దాకా కడతాయి. ఒక్క ఎద తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. అన్నాళ్లూ మేత, దాణా ఖర్చు రైతుదే, ఈత వెనక్కి పోతే పోయే పాలూ రైతువే.

కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ఈ వీర్యంపై సగం దాకా రాయితీ ఉంది, 2024లో దేశీయంగా రూపొందిన 'గౌ సార్ట్' యంత్రాలతో ధర ఇంకా తగ్గుతోంది, ఇక బాధేమిటని అడగవచ్చు. స్ట్రా చవకైనంత మాత్రాన ఎద తప్పిన నష్టం తగ్గదు. మూగ ఎదతో వేధించే గేదెల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. మగవి కరువైతే విత్తనపు కోడెలు ఎక్కడివని మరికొందరి ప్రశ్న. ఒక్క మేలుజాతి కోడె నుంచి ఏటా వేల డోసులు వస్తాయి కాబట్టి కొరత రాదు. కాకపోతే కొద్ది కోడెల మీదే ఆధారపడితే జాతిలో వైవిధ్యం సన్నగిల్లుతుంది. ఎక్కువ కోడెల నుంచి వీర్యం సేకరించి ఆ చిక్కు తప్పించుకోవచ్చు.

కాబట్టి ఈ వీర్యాన్ని ముందుగా ఆరోగ్యంగా ఎదిగిన పడ్డలకు వాడాలి. చూడి నిలిచే అవకాశం వాటిలోనే ఎక్కువ. పదేపదే తిరగపొర్లే పశువులకు మామూలు వీర్యమే మేలు. ఈ మాట ఊళ్లలో ఇంజెక్షన్ చేసే గోపాలమిత్రలు ముందే రైతుకు చెప్పాలి. మొదటిసారి నిలవకపోతే రెండోసారి రుసుము లేకుండా వేయాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పశుసంవర్ధక శాఖలు ఆదేశించాలి.